హైదరాబాద్ నుంచి మంచిర్యాల.. ఒక్క చార్జింగ్‌తో వస్తారా?

ఎలక్ట్రిక్ కారు హైవే మీద నిజంగా ఎంత దూరం పోతుంది? బ్రోచర్ చూసి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. లెక్కగట్టి చెప్పేవాళ్లు తక్కువ. ఈవీ రంగంలో ఉద్యోగం వెతుక్కుంటున్న మీరు ఆ తక్కువమందిలో చేరాలంటే ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్, ఒక ఎక్సెల్ షీట్, కాస్త ఓపిక చాలు.

ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నారనుకోండి.

‘మీది ఏ ఊరు?’

‘మంచిర్యాల సార్.’

‘ఇక్కడి నుంచి ఎంత దూరం?’

‘సుమారు 240 కిలోమీటర్లు సార్.’

‘సరే. 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు ఇస్తాం. ఫుల్ చార్జింగ్ ఉంది. దారిలో ఎక్కడా చార్జింగ్ పెట్టకుండా మీ ఊరు చేరతారా?’

ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో నన్ను ఒక కంపెనీలో అడిగిన ప్రశ్న ఇది. ‘బ్రోచర్‌లో 400 పైనే ఉంది సార్, హాయిగా వెళ్లిపోవచ్చు’ అన్నాను. ఎదురుగా కూర్చున్నాయన పెన్ను కింద పెట్టి, ‘ఏ స్పీడులో?’ అని ఒక్క మాట అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

అదే ప్రశ్న ఇంటికొచ్చాక మా బావను అడిగాను. ఆయన మంచిర్యాలలో ఎలక్ట్రిక్ కారును ట్యాక్సీగా తిప్పుతాడు. ‘ఎనభైల పోతే ఇల్లు చేరుతం. నూరు కొడితే నడిమిట్ల నిలబడుతం. గంతే’ అన్నాడు. నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదివిన నాకు తట్టని జవాబు స్టీరింగ్ పట్టుకున్న మనిషి నోట్లో సిద్ధంగా ఉంది. ఆయన చెప్పింది నిజమేనా, ఎందుకు నిజం అన్నది తేల్చుకోవడానికి కాగితం మీద కూర్చున్నాను. ఆ లెక్కే మీ ముందు పెడుతున్నా.

బ్రోచర్ అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

బ్రోచర్‌లో ఉండే అంకె అబద్ధమేం కాదు. కాకపోతే అది వేరే పరీక్షకు వచ్చిన మార్కు. మన దేశంలో కార్లను ‘మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్’ (ఎంఐడీసీ) అనే పద్ధతిలో పరీక్షిస్తారు. కారును రోలర్ల మీద నిలబెట్టి, ముందే నిర్ణయించిన ప్రకారం వేగం పెంచుతూ తగ్గిస్తూ నడుపుతారు. మొదటి భాగం సిటీ డ్రైవింగ్‌ను పోలి ఉంటుంది. అందులో వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటదు. రెండో భాగంలో గరిష్ఠం 90. అదీ కొద్దిసేపే. ఏసీ ఆపేసి ఉంటుంది. మొత్తం మీద సగటు వేగం గంటకు 32-33 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. రాజీవ్ రహదారి మీద ఆ వేగంతో మంచిర్యాలకు బయల్దేరితే చేరడానికి ఏడు గంటలు దాటుతుంది.

2024 వరకు కంపెనీలు ఎలక్ట్రిక్ కార్ల రేంజ్‌ను సిటీ భాగం ఆధారంగానే చెప్పుకొనేవి. ఆ ఏడాది నుంచి రెండు భాగాలూ కలిపి చెప్పాల్సి వచ్చింది. అప్పుడే టాటా మోటార్స్ ‘సీ75’ పేరుతో మరో అంకె కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే తమ కస్టమర్లలో 75 శాతం మందికి రోడ్డు మీద వచ్చే రేంజ్ అని అర్థం. 45 యూనిట్ల నెక్సాన్ ఈవీనే తీసుకోండి. సర్టిఫికెట్ రేంజ్ 489 కిలోమీటర్లు. అదే కంపెనీ చెప్పే సీ75 రేంజ్ 350 నుంచి 370. ఇందులో సిటీలో తిరిగేవాళ్లూ, హైవే మీద వెళ్లేవాళ్లూ అందరూ కలిసి ఉన్నారు. ఒక్క హైవేనే తీసుకుంటే అంకె ఇంకా దిగుతుంది.

పెట్రోల్ కారుకు ఉల్టా

ఇక్కడ చాలామంది తికమకపడతారు. పెట్రోల్ కారుకు సిటీలో మైలేజీ తక్కువ, హైవేలో ఎక్కువ. ఎలక్ట్రిక్ కారుకు ఉల్టా. ఎందుకు?

పెట్రోల్ ఇంజిన్ సిగ్నల్ దగ్గర నిలబడ్డా తాగుతుంది. తక్కువ లోడులో నడిచినప్పుడు దాని సామర్థ్యం బాగా పడిపోతుంది. బ్రేక్ వేసిన ప్రతిసారీ అప్పటిదాకా సంపాదించిన వేగం వేడిగా మారి పోతుంది. హైవే ఎక్కితే ఈ నష్టాలు తగ్గుతాయి కాబట్టి గాలి అడ్డు పెరిగినా మైలేజీ మెరుగ్గానే కనిపిస్తుంది.

ఎలక్ట్రిక్ మోటారుకు ఆ బాధలు లేవు. సిగ్నల్ దగ్గర అది ఏమీ తీసుకోదు. బ్రేక్ వేసినప్పుడు మోటారే జనరేటర్‌గా మారి కొంత కరెంటును తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. దీన్నే రీజెనరేటివ్ బ్రేకింగ్ అంటారు. కానీ హైవే మీద ఒకే వేగంతో పోతుంటే బ్రేకే వేయం. దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్ టోల్ ప్లాజాల దగ్గరా, ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల దగ్గరా వచ్చేదే రీజెన్. మిగతా దారంతా గాలితో కుస్తీయే.

లెక్క మొదలు

బండి మైలేజీని లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అని చెప్పుకొంటాం కదా. ఎలక్ట్రిక్ కారుకు కిలోమీటరుకు ఎన్ని వాట్ అవర్లు అని చూస్తారు. వెయ్యి వాట్ అవర్లు కలిస్తే ఒక కిలోవాట్ అవర్. అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్. ఈ రంగంలోకి వెళ్లాలనుకునే వాళ్లు నాలుక మీద ఉంచుకోవాల్సిన కొలత ఇదే.

సమతలమైన రోడ్డు మీద ఒకే వేగంతో పోయే కారును ప్రధానంగా రెండు బలాలు వెనక్కి లాగుతాయి.

ఒకటి, టైర్ల అడ్డు. మనుషులతో కలిపి కారు బరువు 1,700 కిలోలు అనుకుందాం. దాన్ని 9.8తో, ఆ తర్వాత 0.01 అనే గుణకంతో హెచ్చిస్తే సుమారు 167 న్యూటన్లు. వేగం పెరిగినా ఇది పెద్దగా మారదు.

రెండు, గాలి అడ్డు. గాలి సాంద్రతలో సగాన్ని, కారు ఆకారాన్నీ ముందు వైశాల్యాన్నీ కలిపి చెప్పే అంకెతో హెచ్చించి, దాన్ని మళ్లీ వేగం వర్గంతో హెచ్చించాలి. గాలి సాంద్రత 1.15, ఆకారం అంకె 0.8 చదరపు మీటర్లు తీసుకుందాం. చిన్న ఎస్‌యూవీకి ఇది దగ్గరగా ఉంటుంది. వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చడం మరవొద్దు. 80లో పోతే గాలి అడ్డు 227 న్యూటన్లు. 100లో 355. వేగం పెరిగింది 25 శాతమే. గాలి అడ్డు పెరిగింది 56 శాతం.

రెండు బలాలనూ కూడి 3.6తో భాగిస్తే కిలోమీటరుకు చక్రాల దగ్గర ఎన్ని వాట్ అవర్లు కావాలో వస్తుంది. బ్యాటరీ నుంచి చక్రం దాకా వచ్చేలోపు ఇన్వర్టర్‌లో, మోటార్‌లో, గేర్లలో కొంత పోతుంది కాబట్టి దాన్ని 0.85తో భాగించండి. చివరగా ఏసీ, లైట్లు, ఇతర వాటికి 1.2 కిలోవాట్లు కలపండి. గంటకు ఖర్చయ్యే ఆ 1.2 యూనిట్లను వేగంతో భాగిస్తే కిలోమీటరు వాటా తేలుతుంది.

40 యూనిట్ల బ్యాటరీని పూర్తిగా వాడేస్తే వచ్చే ఫలితం ఇదీ:

గంటకు 60 కి.మీ. వేగం: కిలోమీటరుకు 116 వాట్ అవర్లు, రేంజ్ 345 కి.మీ.
గంటకు 80 కి.మీ. వేగం: కిలోమీటరుకు 144 వాట్ అవర్లు, రేంజ్ 278 కి.మీ.
గంటకు 90 కి.మీ. వేగం: కిలోమీటరుకు 162 వాట్ అవర్లు, రేంజ్ 247 కి.మీ.
గంటకు 100 కి.మీ. వేగం: కిలోమీటరుకు 183 వాట్ అవర్లు, రేంజ్ 219 కి.మీ.
గంటకు 120 కి.మీ. వేగం: కిలోమీటరుకు 232 వాట్ అవర్లు, రేంజ్ 172 కి.మీ.

ఒకే కారు, ఒకే బ్యాటరీ. కాలు కింద పెడల్ ఎంత నొక్కామన్న దాన్ని బట్టి 345 నుంచి 172 దాకా దిగింది. మన దారి 240 కిలోమీటర్లు. 80లో చేరతాం, 90లో చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు చేరతాం, 100లో చేరం. మా బావ మాట నిజమే.

కనిపించని దిగుడు

పై లెక్క రోడ్డు చదునుగా ఉందనుకుని వేసింది. కానీ హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. గోదావరి ఒడ్డున ఉన్న మంచిర్యాల 150 మీటర్ల దరిదాపుల్లో ఉంది. అంటే ఊరికి వస్తున్నప్పుడు 350 మీటర్లు దిగుతున్నాం. 240 కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న దిగుడు కాబట్టి కంటికి తెలియదు. బ్యాటరీకి తెలుస్తుంది.

బరువు, 9.8, ఎత్తు మూడింటినీ హెచ్చించండి. 1,700 కిలోల కారుకు 350 మీటర్ల ఎత్తు విలువ దాదాపు 1.6 యూనిట్లు. మోటారు నష్టాలు కలుపుకుంటే బ్యాటరీ దగ్గర 1.9. ఊరికి వచ్చేటప్పుడు అంత ఆదా, హైదరాబాద్ తిరిగి వెళ్లేటప్పుడు అంత అదనం. 80 వేగంతో వస్తే 32.7 యూనిట్లు, వెళ్తే 36.5 యూనిట్లు. వచ్చేటప్పుడు బ్యాటరీలో 18 శాతం మిగులుతుంది. వెళ్లేటప్పుడు మిగిలేది 9 శాతమే. ‘పోయినసారి బాగానే వచ్చిందే, ఈసారి ఏమైంది?’ అని కారును తిట్టుకునేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

100 వేగంతో ఊరికి బయల్దేరితే? దిగుడు కలిసొచ్చినా 228 కిలోమీటర్ల దగ్గర బ్యాటరీ ఖాళీ. అంటే గోదావరిఖని దాటి, వంతెన దాటి, ఇంటికి ఇంకా పది పన్నెండు కిలోమీటర్లు ఉందనగా జైపూర్ మండలంలో నిలబడతాం. సింగరేణి వాళ్ల 1,200 మెగావాట్ల థర్మల్ ప్లాంట్ ఉన్నది ఆ మండలంలోనే. పక్కనే అంత కరెంటు పుడుతుంటే కారులో చుక్క ఉండదు!

ఎండ, వాన, టైరు

మిగతా కారణాలను తక్కువ మాటల్లో చూద్దాం.

ఏసీ: మే నెలలో మన దగ్గర ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. అయినా హైవేలో ఏసీని చూసి భయపడొద్దు. 100లో పోతూ ఏసీ, ఇతర అవసరాలన్నీ పూర్తిగా ఆపేసినా కిలోమీటరుకు 12 వాట్ అవర్లే మిగులుతాయి. ఏసీ ఉంచుకునే వేగం 90కి తగ్గిస్తే 21 మిగులుతాయి. చెమటలు కక్కుతూ వేగంగా పోవడం కన్నా చల్లగా, కొంచెం నెమ్మదిగా పోవడమే లాభం. సిటీ ట్రాఫిక్‌లో మాత్రం ఏసీ వాటా పెరుగుతుంది. ఎందుకంటే దూరం సాగకపోయినా గంట గడుస్తుంది.

టైర్లు: 80 వేగంలో మొత్తం అడ్డులో టైర్ల వాటా 40 శాతం పైనే. గాలి తగ్గి ఆ అడ్డు పదో వంతు పెరిగితే మొత్తం ఖర్చు దాదాపు 4 శాతం పెరుగుతుంది. పది కిలోమీటర్ల రేంజ్ టైరులోనే పోయినట్టు.

వాన, ఎదురుగాలి: రోడ్డు మీద నీళ్లుంటే టైర్లు వాటిని పక్కకు తోయాలి. దానికీ శక్తి కావాలి. ఎదురుగాలి గంటకు 20 కిలోమీటర్లు ఉంటే 80లో పోతున్న కారుకు గాలి అడ్డు 100లో పోతున్నట్టే ఉంటుంది. స్పీడోమీటర్ ఆ మాట చెప్పదు.

పైన క్యారియర్: పెళ్లి సామానో, ఖాళీ క్యారియరో, టాప్ మీద ఏది ఉన్నా గాలికి అడ్డమే. అవసరం లేనప్పుడు తీసేయాలి.

వేగంగా పోతే త్వరగా చేరతామా?

‘దారిలో చార్జింగ్ పెట్టుకుంటాం, 100లోనే పోతాం’ అంటారా? అదీ లెక్క కడదాం. 80లో ఆగకుండా వస్తే 3 గంటలు. 100లో అయితే 2 గంటల 24 నిమిషాలు. కానీ దానికి 42 యూనిట్లు కావాలి. చేతిలో 4 యూనిట్లు ఉంచుకోవాలంటే 46. అంటే 6 యూనిట్లు దారిలో ఎక్కించాలి. 30 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్ దగ్గర అది 12 నిమిషాల పని. రోడ్డు దిగడం, యాప్ తెరవడం, ప్లగ్ పెట్టడం, మళ్లీ రోడ్డెక్కడం మరో పన్నెండు, పదమూడు నిమిషాలు. మొత్తం 2 గంటల 50 నిమిషాల దగ్గర తేలుతుంది. మిగిలింది పది నిమిషాలు. చార్జర్ దగ్గర మన ముందు ఇంకో కారుంటే అదీ పోతుంది.

ఒక్క కారుకు ఇది చిన్న విషయమే. వంద కార్లు నడిపే ట్యాక్సీ కంపెనీని ఊహించుకోండి. ఒక్కో కారు రోజుకు 200 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తిరుగుతుంది. డ్రైవర్లు 100 బదులు 80లో పోతే కిలోమీటరుకు 39 వాట్ అవర్లు మిగులుతాయి. యూనిట్ పది రూపాయలు అనుకున్నా ఏడాదికి 23 లక్షల రూపాయల పైనే. ఈ లెక్క వేసి చూపించే మనిషికి కంపెనీ జీతం ఎందుకిస్తుందో ఇప్పుడు తెలిసింది కదా.

2024 నుంచి కరీంనగర్, జేబీఎస్ మధ్య ఆర్టీసీ ఎలక్ట్రిక్ సూపర్ లగ్జరీ బస్సులు తిరుగుతున్నాయి. ఇలాంటి బస్సులను ఎక్కువగా కిలోమీటరుకు ఇంత అనే ఒప్పందం మీద నడుపుతారు. కిలోమీటరుకు వచ్చే డబ్బు ముందే ఖరారైనప్పుడు కిలోమీటరుకు అయ్యే కరెంటే లాభనష్టాలను తేలుస్తుంది. బస్సులో మీరు కిటికీ పక్కన కూర్చుని పాటలు వింటున్నప్పుడు ఎవరో ఒకరు ఎక్కడో ఈ అంకెనే చూస్తుంటారు.

‘బొగ్గు కరెంటే కదా?’

కోల్‌బెల్ట్ పిల్లలకు ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న రావచ్చు. రాకపోయినా ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. డిఫెన్స్‌లో పడకుండా అంకెలతో చెప్పండి.

దేశంలో గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. చార్జింగ్‌లో 12 శాతం పోతుందనుకుంటే, 80లో నడిచే మన కారుకు గోడ దగ్గర కిలోమీటరుకు 164 వాట్ అవర్లు కావాలి. అంటే 115 గ్రాముల ఉద్గారం. లీటర్ పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోలు వస్తుంది. హైవేలో లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారుకు ఇది దాదాపు 144 గ్రాములు. ఎలక్ట్రిక్‌దే పైచేయి. కానీ అదే ఎలక్ట్రిక్ కారు 100లో పోతే ఉద్గారం 145 గ్రాములకు చేరుతుంది. పెట్రోల్ కారు కూడా ఆ వేగంలో ఎక్కువే తాగుతుంది, నిజమే. అయినా బొగ్గు కరెంటు మీద హైవేలో మన ఆధిక్యం ఎంత సన్ననిదో చూడండి. గ్రిడ్‌లో సోలార్ పెరిగేకొద్దీ అది వెడల్పవుతుంది. అప్పటిదాకా ఆ గీతను కాపాడేది కిలోమీటరుకు ఖర్చు తగ్గించే ఇంజినీరే. బ్యాటరీ తయారీ, పెట్రోల్ శుద్ధి లాంటివి ఈ లెక్కలో కలపలేదన్న మాట కూడా చెప్పండి. లెక్కలో ఏం కలపలేదో చెప్పేవాడి మీద నమ్మకం పెరుగుతుంది.

ఉద్యోగాలు ఎక్కడ?

ఈ ఒక్క అంకె చుట్టూ రకరకాల పనులున్నాయి.

మెకానికల్ వాళ్లకు: వాహన ఎనర్జీ సిమ్యులేషన్, ఏరోడైనమిక్స్, బ్యాటరీ కూలింగ్. మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్ వచ్చి ఉండాలి.

ఈఈఈ, ఈసీఈ వాళ్లకు: మోటార్ కంట్రోల్, ఇన్వర్టర్లు, బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, చార్జర్లు. ఎంబెడెడ్ సీ, వాహనంలోని పరికరాలు మాట్లాడుకునే క్యాన్ ప్రొటోకాల్ తెలియాలి.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకు: వాహనాల నుంచి వచ్చే డేటాను చదివి రేంజ్ అంచనా వేయడం, చార్జింగ్ యాప్‌లు, ఫ్లీట్ సాఫ్ట్‌వేర్. పైథాన్, ఎస్‌క్యూఎల్ ముఖ్యం.

డిప్లొమా, ఐటీఐ వాళ్లకు: ఈవీ సర్వీసింగ్, చార్జింగ్ స్టేషన్ల ఏర్పాటు, నిర్వహణ, బస్ డిపోల్లో మెయింటెనెన్స్. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. అక్కడి కోర్సుల్లో ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ కూడా ఉంది.

అవకాశాల కోసం పుణె, చెన్నై దాకా పోవాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్, జెడ్ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఉన్నాయి. ఎలక్ట్రిక్ బస్సులు చేసే ఒలెక్ట్రా గ్రీన్‌టెక్ ఇక్కడిదే. జహీరాబాద్‌లో మహీంద్రా ప్లాంట్ ఉంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో తలపెట్టిన బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. మరోవైపు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. 2026 డిసెంబర్ 31 వరకు ఈ సడలింపు ఉంటుందని ప్రకటించింది. రోడ్డు మీద బండ్లు పెరిగితే వాటిని చూసుకునే మనుషుల అవసరమూ పెరుగుతుంది.

చదువుకోవడానికి ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం చెప్పిన ‘ఫండమెంటల్స్ ఆఫ్ ఎలక్ట్రిక్ వెహికల్స్’ కోర్సు ఉచితం. ఇంటి నుంచే చూడొచ్చు.

మీ సొంత ప్రాజెక్ట్

రెజ్యూమేలో ‘ఈవీ మీద ఆసక్తి ఉంది’ అని రాసేవాళ్లు వందల్లో ఉంటారు. ‘రాజీవ్ రహదారి మీద ఈవీ ఖర్చు కొలిచాను’ అని రాసేవాళ్లు ఎంతమంది? ఒక నెలలో అయ్యే పని. ఇలా చేయండి.

మొదటి వారం: పైన చెప్పిన లెక్కను ఎక్సెల్‌లోనో, పైథాన్‌లోనో మీరే కట్టండి. బరువు, వేగం, గాలి అడ్డు మార్చితే రేంజ్ ఎలా మారుతుందో గ్రాఫ్ గీయండి.

రెండు, మూడు వారాలు: కొలవండి. సొంత కారు లేదని ఆగిపోవద్దు. బంధువుల్లో, తెలిసినవాళ్లలో ఎలక్ట్రిక్ ట్యాక్సీ నడిపేవాళ్లుంటే అడిగి చూడండి. పక్క సీట్లో కూర్చుని రాసుకుంటామంటే చాలామంది కాదనరు. బయల్దేరినప్పుడు, ప్రతి 20 కిలోమీటర్లకు బ్యాటరీ శాతం, దూరం, వేగం, బయటి ఉష్ణోగ్రత, ఏసీ సెట్టింగ్ రాసుకోండి. టైర్లలో గాలి ముందే చూడండి. నడిపే మనిషి నడపాలి, రాసే మనిషి రాయాలి. ఒకరే రెండు పనులూ చేయొద్దు. టెస్ట్ పేరుతో హైవేలో మరీ నెమ్మదిగా పోయి వెనకొచ్చే లారీలకు అడ్డం కావొద్దు.

ఇక్కడొక జాగ్రత్త. పది కిలోమీటర్లు తిరిగి లెక్క తేల్చేయకండి. 40 యూనిట్ల బ్యాటరీలో పది కిలోమీటర్లకు ఖర్చయ్యేది 3.6 శాతం. తెర మీద శాతం పూర్ణాంకాల్లోనే కనిపిస్తుంది. ఒక్క శాతం అటూ ఇటూ అయితే మీ జవాబు పావు వంతు తప్పు. అదే వంద కిలోమీటర్లు కొలిస్తే ఆ తప్పు 3 శాతానికి తగ్గుతుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండు వైపులా కొలిచి సగటు తీసుకుంటే ఎత్తుపల్లాల ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. గాలి ప్రభావమూ కొంత తగ్గుతుంది.

నాలుగో వారం: మీ లెక్క, మీ కొలత పక్కపక్కన పెట్టండి. రెండూ అచ్చుగుద్దినట్టు కలిస్తే అనుమానించండి. తేడా వస్తే సంతోషించండి, ఎందుకంటే రాయడానికి విషయం దొరికింది. ఊళ్ల దగ్గర వేగం తగ్గి పెరగడం వల్లనా? టైరు గుణకం తక్కువ అనుకున్నామా? బ్యాటరీ పాతబడిందా? కారణాలు వెతికి రెండు పేజీల రిపోర్ట్ రాయండి. అన్ని అంకెలూ ఉన్న షీట్‌ను గిట్‌హబ్‌లో పెట్టి లింక్‌ను రెజ్యూమేలో ఇవ్వండి.

కారు అసలే దొరకలేదా? ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంటే దానితో చేయండి. సూత్రాలు అవే, అంకెలే మారతాయి.

మళ్లీ అదే ప్రశ్న

ఇప్పుడు ఇంటర్వ్యూ గదిలోకి తిరిగి వెళ్దాం. ‘40 యూనిట్ల కారు. ఆగకుండా మంచిర్యాల చేరతారా?’

‘ఏ వేగంలో పోవాలో, కారు బరువెంతో ముందు తెలియాలి సార్. 1,700 కిలోల చిన్న ఎస్‌యూవీ అనుకుంటే, 80లో స్థిరంగా పోతే కిలోమీటరుకు 144 వాట్ అవర్లు. హైదరాబాద్ నుంచి దిగుడు కాబట్టి సుమారు 33 యూనిట్లతో చేరతాను, 18 శాతం మిగులుతుంది. 100లో పోతే ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల ముందే ఆగిపోతుంది. వానాకాలమైతే, ఎదురుగాలి ఉంటే 80లో కూడా కరీంనగర్ దగ్గర ఒకసారి శాతం చూసుకుని నిర్ణయిస్తాను. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం దారిలో చార్జింగ్‌కు ఒక చోటు ముందే చూసి పెట్టుకుంటాను.’

ఈ జవాబు చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. పెన్ను కింద పెట్టేవాళ్లు మళ్లీ దాన్ని చేతిలోకి తీసుకుంటారు. ఆ వెంటనే ‘0.85 ఎందుకు తీసుకున్నావు?’ అని అడుగుతారు. దానికి జవాబు మీ రెండు పేజీల రిపోర్టులో ఉండాలి. ఈ ఆదివారమే షీట్ తెరవండి.